ఐదు నిమిషాలూ కాదు, హెల్దీ అంతకన్నా కాదు

పీనట్ బటరూ చాక్లెట్టూ కలిపి ఓవెన్ లేకుండా చేసే బార్లున్నాయి చూడండి, వాటితో నాకో పేచీ ఉంది. స్వీటుతో కాదులెండి, స్వీటు బ్రహ్మాండంగా ఉంటుంది. పేచీ అంతా దాని పేరు ముందు తగిలించే రెండు తోకలతో. ఒకటి "ఐదు నిమిషాల్లో", రెండోది "హెల్దీ". ఏ వీడియో తెరిచినా ఈ రెండూ ఉండాల్సిందే. మూడో తోక "నో బేక్". అది అబద్ధమేమీ కాదు గానీ, మన దగ్గర దాన్నో గొప్పలా చెప్తుంటే నవ్వొస్తుంది. సున్నుండలు, రవ్వలడ్డు, కజ్జికాయలు, మైసూర్‌పాక్, కోవా... మన స్వీట్లలో ఓవెన్ మొహం చూసినవి ఎన్ని? అమెరికాలో చాలా ఇళ్ళలో స్టవ్ కిందే ఓవెన్ ఉంటుంది కాబట్టి "దాన్ని వెలిగించక్కర్లేదు" అంటే అక్కడ అదో వార్త. మనకి చెప్తే "ఈ సైకిలుకి పెట్రోలు పొయ్యక్కర్లేదు" అన్నట్టుంటుంది.

అసలు వస్తువేంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కింద ఒక పొర: పీనట్ బటర్, వెన్న, బిస్కెట్ పొడి, పంచదార పొడి కలిపి పళ్ళెంలో ఒత్తినది. పైన ఇంకో పొర: కరిగించిన చాక్లెట్. ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక ముక్కలు కొయ్యడం. అంతే. పెన్సిల్వేనియాలో హెచ్. బి. రీస్ అనే ఆయన 1928లో పీనట్ బటర్‌ని చాక్లెట్ గిన్నెల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాడు. అవి అమెరికా అంతా పాకిపోయాయి. ఒహాయోలో అదే పీనట్ బటర్‌ని ఉండలు చుట్టి చాక్లెట్లో సగం ముంచి "బక్ఐ" అంటారు. ఉండలు చుట్టే ఓపిక లేనివాళ్ళు పళ్ళెంలో ఒత్తితే ఈ బార్. అంటే ఇది పుట్టుకతోనే బద్ధకస్తుల వంట. అందుకే నాకు ఇష్టం.

ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో పాకం లేదు. మా అమ్మ పల్లీ పట్టీ చేసేటప్పుడు చూశాను, బెల్లం పాకంలో అరనిమిషం తేడా వస్తే కథ కంచికే. చుక్క నీళ్ళలో వేస్తే టక్కున విరగాలి. సాగితే లేతపాకం, మాడు వాసనొస్తే ముదిరిపోయినట్టు. ముదిరిన పాకానికి రోల్‌బ్యాక్ లేదు. ఈ బార్‌కి ఉంది. కింది పొర పొడిపొడిగా ఉంటే ఇంకో చెంచా వెన్న, జారుగా ఉంటే ఇంకాస్త బిస్కెట్ పొడి. ఏ స్టెప్పులోనైనా ఆగి, ఫోన్ మాట్లాడి, వచ్చి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. వంట రాని కుర్రాళ్ళు నలుగురుండే ఫ్లాట్‌లో మొదటి స్వీటుగా దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

సరే, పేచీలోకి వద్దాం.

ముందు ఆ ఐదు నిమిషాల సంగతి. మన ఆఫీసుల్లో ఎస్టిమేట్లు ఇచ్చేటప్పుడు ఏం చేస్తాం? అన్నీ సవ్యంగా జరిగితే ఎంత పడుతుందో అదే చెప్పేస్తాం. టెస్టింగు, డిప్లాయ్‌మెంటు, పక్క టీమ్ వాళ్ళ కోసం ఎదురుచూపులు, ఇవేవీ లెక్కలోకి రావు. ఈ వీడియోలూ అంతే. పీనట్ బటర్ సీసాలో రెడీగా ఉంటుంది, బిస్కెట్లు అప్పటికే పొడై గిన్నెలో ఉంటాయి, చాక్లెట్ కరిగి ఉంటుంది. ఆ మూడింటినీ కలపడానికి పట్టేదే ఐదు నిమిషాలు. నిజం లెక్క చెప్తాను. కొన్న పీనట్ బటర్ అయితే పని అరగంట, ఫ్రిజ్‌లో రెండు గంటలు. పల్లీలు మీరే వేయించి రుబ్బుకుంటే పని గంటంపావు. గిన్నెలు తోమడం ఇందులో కలపలేదు. చాక్లెట్ అంటిన గిన్నె, పల్లీ ముద్ద అంటిన మిక్సీ జారు తోమడం విడిగా ఒక ప్రాజెక్టు. ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి, హాయిగా అవుతుంది. "ఐదు నిమిషాలే కదా" అని రాత్రి పదకొండుకి మొదలుపెట్టకండి.

రెండోది, ఆ రెసిపీని ఉన్నదున్నట్టు తెచ్చి మన వంటింట్లో రన్ చెయ్యడం. కంపైల్ అవుతుంది, అవుట్‌పుట్ మాత్రం వేరే వస్తుంది. ఎందుకంటే డిపెండెన్సీల పేర్లు ఒకటే, వెర్షన్లు వేరు. అక్కడ రెసిపీలో "పీనట్ బటర్" అంటే అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం కనీసం 90 శాతం పల్లీలు ఉండాలి. (ఆ 90 శాతం కోసం కంపెనీలకీ ప్రభుత్వానికీ మధ్య 1959 నుంచి పన్నెండేళ్ళు నడిచిందట యవ్వారం. 87 శాతం చాలని కంపెనీల గోల. మూడు శాతానికి పన్నెండేళ్ళు! మన రిక్వైర్‌మెంట్స్ మీటింగులు నయం.) పైగా అక్కడ చాలామంది వాడేది నూనె పైకి తేలకుండా గట్టి కొవ్వు కలిపిన రకం. మనం ఇంట్లో రుబ్బినదాన్లోనో, "నాచురల్" అని రాసి కొన్నదాన్లోనో అది ఉండదు. కాబట్టి అదే కొలత వేస్తే కింది పొర జారుతుంది. వెన్న కాస్త తగ్గించి, బిస్కెట్ పొడి కాస్త పెంచాలి. సీసాలో పైన తేలిన నూనెని ఒంపెయ్యకండి, అడుగుదాకా కలపండి. ఒంపేస్తే అడుగున మిగిలేది సిమెంటే.

వాళ్ళు వేసేది గ్రాహమ్ క్రాకర్లు. మనకి మారీ బిస్కెట్లు చాలు. వాళ్ళ పంచదార పొడిలో మూడు శాతం దాకా మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది, అది తేమ లాగుతుంది. మన మిక్సీ పొడిలో అది లేదు, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే సరి, కలపకపోయినా కొంపలేం మునగవు. వాళ్ళు రాసేది ఉప్పు లేని వెన్న. మన దగ్గర డబ్బాలో దొరికేది ఎక్కువగా ఉప్పు వెన్న. అది వాడితే మళ్ళీ చిటికెడు ఉప్పు వెయ్యకండి. వెన్న బదులు నెయ్యి వెయ్యొచ్చా అంటే, వెయ్యొచ్చు. వెన్నలో పదహారు శాతం దాకా నీళ్ళుంటాయి, నెయ్యిలో ఉండవు, కాబట్టి ఐదో వంతు తగ్గించాలి. కాకపోతే అప్పుడు తింటుంటే సున్నుండే గుర్తొస్తుంది. అది లోపమా, గుణమా అన్నది మీ ఇష్టం. కొబ్బరినూనె మాత్రం వద్దు. ఇరవై నాలుగు డిగ్రీలకే కరిగిపోతుంది. హైదరాబాదులో మార్చి దాటితే బార్ కాదు, పాయసం తాగాలి.

చాక్లెట్ దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు. సూపర్‌మార్కెట్లో "కుకింగ్ చాక్లెట్" అని చవగ్గా దొరికే పలకల్లో చాలావాటి వెనక "కాంపౌండ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే కోకో పొడి ఉంది, కోకో బటర్ లేదు, దాని బదులు పామ్ గింజల నూనెలాంటి కొవ్వు. కోకో బటర్ ప్రత్యేకత ఏంటంటే గదిలో గట్టిగా ఉండి, ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర, అంటే నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. కాంపౌండ్ అలా కరగదు, నాలుక మీద మైనంలా పూస్తుంది. దాన్ని వాడొద్దు అనను. ఎండాకాలంలో కాస్త నిలబడేది అదే, కరిగించడంలో తిప్పలు తక్కువ. కానీ చాక్లెట్ డబ్బులిచ్చి కాంపౌండ్ తెచ్చుకోకండి. వెనక పదార్థాల జాబితాలో కోకో బటర్ ఉందో లేదో చూడండి, అంతే. తమాషా ఏంటంటే మన ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేసేది కోకోనే. పామాయిల్ పరిశోధన సంస్థ ఉన్నది పెదవేగిలో. అంటే ఇద్దరు శత్రువులూ ఒకే తోటలో పెరిగినవాళ్ళన్నమాట.

ఇక పల్లీలు. మాది కదిరి వైపు. 2022లో జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ, మా నోట్లో ఇంకా అనంతపురమే. మావైపు వీటిని శెనక్కాయలంటాం, హైదరాబాదొచ్చాక పల్లీలనడం అలవాటైంది, కోస్తా రూమ్మేటు వేరుశనగ గుళ్ళంటాడు. కదిరి పరిశోధన కేంద్రంలో 2005లో వచ్చిన కదిరి-6 రకం ఊరి పేరుని ఎక్కడెక్కడికో మోసుకెళ్ళింది. ఊరుబిండి రోజూ తినే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, పల్లీల విషయంలో మాత్రం కొంచెం చాదస్తం ఉంది, ఓర్చుకోండి.

పీనట్ బటర్ ఇంట్లో చేసుకోవాలంటే మొదటి పని వేయించడం కాదు, ఏరడం. మా అవ్వ చేటలో పోసుకుని వసారాలో కూర్చుని ఏరేది. ముడతలు పడినవి, నల్లబడినవి, ఆకుపచ్చ బూజు తగిలినవి, పుచ్చులు, అన్నీ పక్కకి. చాదస్తం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కారణం ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కని రోగంతో చచ్చిపోయాయి. ఆరా తీస్తే వాటి దాణాలో వేసిన వేరుశనగ చెక్కకి పట్టిన బూజు బయటపడింది. ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. కాలేయానికి చేటు, ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్తే కేన్సరు దాకా తీసుకెళ్తుంది. వేయిస్తే పూర్తిగా పోదు, మిక్సీలో వేశాక కంటికి కనపడదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళు ఏళ్ళుగా దీని మీద పని చేస్తున్నారు. కాయ పీకాక సరిగా ఆరబెట్టకపోయినా, గోదాములో తేమ తగిలినా పట్టేస్తుంది. మనం చేయగలిగింది చిన్నదే: మంచి సరుకు కొనడం, చేదుగా అనిపించిన గింజ ఉమ్మెయ్యడం, పది నిమిషాలు కూర్చుని ఏరడం. పావుకిలో పల్లీలు రుబ్బేటప్పుడు నాలుగు బూజు గింజలు పడితే మొత్తం సీసాకి పంచినట్టే.

ఏరాక, సన్న సెగ మీద పదిహేను నిమిషాలు వేయించండి. హడావిడి పడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. చల్లారాక గుడ్డలో వేసి నలిపితే పొట్టు వస్తుంది, చేటుంటే చెరగండి, లేకపోతే బాల్కనీలోకెళ్ళి ఊదండి (కింద ఫ్లాటు వాళ్ళు బట్టలు ఆరేశారేమో చూసుకోండి). మిక్సీలో మొదట పొడవుతుంది, తర్వాత గోడలకి అంటుకుంటుంది, తర్వాత ముద్ద కడుతుంది. ఇక్కడే అందరూ భయపడి నూనె పోసేస్తారు. పొయ్యకండి. పల్లీల్లో దాదాపు సగం నూనే. ఆపి, గీకి, మిక్సీని రెండు నిమిషాలు చల్లారనిచ్చి మళ్ళీ తిప్పండి. నాలుగైదు విడతలకి ఉన్నట్టుండి ముద్ద కరిగి జారుతుంది. ఆ క్షణం నాకు మహా ఇష్టం. గంటసేపు ఎర్రగా కనిపించిన బిల్డ్ పచ్చబడినట్టుంటుంది.

కొలతలు ఇవి. ఇరవై సెంటీమీటర్ల చదరపు పళ్ళేనికి: పీనట్ బటర్ 250 గ్రాములు, ఉప్పు లేని వెన్న 75, మారీ బిస్కెట్ పొడి 150, పంచదార పొడి 100, డార్క్ చాక్లెట్ 200, చిటికెడు ఉప్పు. వెన్న కరిగించి, పీనట్ బటర్‌లో ఒక చెంచా పక్కన పెట్టి, మిగతావన్నీ కలిపేసి, బటర్ పేపర్ పరిచిన పళ్ళెంలో గిన్నె అడుగుతో గట్టిగా ఒత్తండి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. చాక్లెట్‌ని వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. ఒక్క చుక్క నీరు, చివరికి ఆవిరి చుక్క పడినా చాక్లెట్ బిరుసెక్కి ఇసకలా అయిపోతుంది, జాగ్రత్త. కరిగాక ఆ పక్కన పెట్టిన చెంచా పీనట్ బటర్ ఇందులో కలపాలి. ఎందుకంటే పల్లీనూనె చాక్లెట్‌ని కాస్త మెత్తబరుస్తుంది, కోసేటప్పుడు పెంకులా పగలదు. కింది పొర మీద పోసి, పళ్ళేన్ని రెండుసార్లు గట్టుకేసి తట్టి, గంటన్నర ఫ్రిజ్‌లో.

ఇప్పుడు ఆ "హెల్దీ" లెక్క. పైన చెప్పిన సరుకంతా 775 గ్రాములు. కేలరీలు కూడితే సుమారు 4,200 దాకా తేలతాయి. ఐదు వరసలు, ఐదు నిలువులు కోస్తే 25 ముక్కలు. ఒక్కో ముక్క 31 గ్రాములు, దాదాపు 170 కేలరీలు, చక్కెర రెండు చెంచాలు, ప్రొటీను మూడున్నర గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. దీన్ని "ప్రొటీన్ బార్" అని జిమ్ముకి పట్టుకెళ్ళేవాళ్ళు ఇరవై గ్రాముల ప్రొటీను కోసం ఆరు ముక్కలు తినాలి, అంటే వెయ్యి కేలరీలు. ట్రెడ్‌మిల్ పాపం ఏం చేస్తుంది?

ఇదే పల్లీ ముద్దకి ఇంకో గొప్ప అవతారం ఉంది. 1996లో ఫ్రాన్సులో ఆంద్రే బ్రియాన్ అనే పిల్లల డాక్టరు, నూట్రిసెట్ అనే కంపెనీతో కలిసి ప్లంపీనట్ అని తయారు చేశాడు. పల్లీ ముద్ద, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు. తిండిలేక ఎముకల గూడైన పిల్లల కోసం. అందులో నీరు దాదాపు లేదు కాబట్టి సూక్ష్మజీవులు పెరగవు, ఫ్రిజ్ అక్కర్లేదు, వండక్కర్లేదు, పొట్లం చింపి నోట్లో పిండుకోవడమే. కరువు ప్రాంతాల్లో ఎంతోమంది పిల్లల్ని నిలబెట్టింది అది. ఒక పొట్లం 92 గ్రాములు, 500 కేలరీలు. మన బార్లు మూడు కలిపితే దాదాపు అంతే బరువు, అన్నే కేలరీలు! విటమిన్లు తప్ప మిగతా డిజైన్ ఇంచుమించు ఒకటే: తక్కువ జాగాలో ఎక్కువ కేలరీలు కుక్కడం. ఆకలితో ఉన్న పిల్లాడికి అది మందు. పది గంటలు కుర్చీలోంచి లేవకుండా, లిఫ్టులో ఎక్కి, క్యాబులో ఇంటికెళ్ళే మనకి? ఫీచరు అదే, యూజరు మారాడు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "మేం పంచదార వెయ్యం, ఖర్జూరం వేస్తాం. బెల్లం వేస్తాం. తేనె వేస్తాం." సరిగ్గా ఇక్కడే నాకు కోపం వచ్చేది.

మా పెద్దనాన్నకి షుగరు, పన్నెండేళ్ళ నుంచి. పోయిన సంక్రాంతికి ఆయన అల్లుడు, అంటే నాకు బావ, డాలస్ నుంచి వచ్చాడు. మంచివాడు, ప్రేమగా మావగారి కోసమని ఈ బార్లే ఇంట్లో చేశాడు. "మామయ్యా, ఇందులో షుగర్ అస్సల్లేదు. అంతా ఖర్జూరమే, భయం లేకుండా తినండి" అన్నాడు. ఏళ్ళ తరబడి పండగ పూట కూడా అరిసె వాసన చూసి పక్కన పెట్టే మనిషి, కళ్ళు మెరిశాయి. "అట్లయితే ఇంగోటి ఇయ్యి నాయనా" అని మూడు తిన్నాడు. సాయంత్రం పెద్దమ్మ మిషన్‌తో చూస్తే 290. అంతా ఆ బార్ వల్లే అనను, పండగ భోజనమూ ఉంది మధ్యలో. కానీ ఆ మూడు ముక్కలు ఆయన తిన్నది ఆ "అస్సల్లేదు" అన్న మాటని నమ్మి. అంతకుముందు ఆయనకి తన హద్దు తెలుసు. ఆ మాట ఆ హద్దుని చెరిపేసింది.

ఖర్జూరంలో నూటికి అరవై పైన చక్కెరే. పావుకిలో ఖర్జూరం వేస్తే 150 గ్రాముల పైచిలుకు చక్కెర వేసినట్టే. నేను పైన వేసిన పంచదార వంద గ్రాములు! పీచు ఉంది, కాదనను, కొన్ని ఖనిజాలూ ఉన్నాయి. కానీ "షుగర్ లేదు" అనడం మాత్రం పచ్చి అబద్ధం. బెల్లంలో ఎనభై శాతం పైన చక్కెర. తేనెలో ఎనభైకి అటూ ఇటూ, మిగతాది నీళ్ళు. ఆ నీళ్ళు కూడా చేటే, కింది పొర జిగురుగా అయిపోయి ఫ్రిజ్‌లో కూడా సరిగా బిగుసుకోదు. బెల్లం రుచి కోసం వెయ్యండి, పల్లీకి బెల్లం ఎప్పుడూ బావుంటుంది. ఖర్జూరం ఇష్టమైతే వెయ్యండి. కానీ షుగరున్న మనిషికి పెట్టేటప్పుడు "ఇది స్వీటు, ఒక చిన్న ముక్క, భోజనంలో అన్నం కొంచెం తగ్గించుకోండి" అని చెప్పండి. ఆయన ఒకటే తింటాడు, తృప్తిగా తింటాడు. "పర్లేదు తినండి" అనడానికి మనమేం డాక్టర్లం కాదు కదా. మందు వేసుకునేవాళ్ళయితే ఎంత తినొచ్చో వాళ్ళ డాక్టరునే అడగనివ్వండి.

నాకు అర్థం కానిది, స్వీటుని స్వీటు అనడానికి ఇంత సిగ్గెందుకని. మన తాతలు బొబ్బట్టుని "ఫైబర్ రిచ్" అన్లేదు. ఏడాదికి రెండుసార్లు చేసుకున్నారు, కరువుతీరా తిన్నారు, మళ్ళీ పండగ దాకా మర్చిపోయారు. "హెల్దీ" అని పేరు పెట్టడంతో వచ్చిన తంటా ఏంటంటే, దాన్ని రోజూ తినొచ్చు అనుకుంటాం. మా ఆఫీసు పాంట్రీలో బార్లు నాలుగు రకాలున్నాయి, నాలుగిటి మీదా ఆకుపచ్చ అక్షరాలే. వాటిల్లో ఒకదాని వెనక తిప్పి చూస్తే మొదటి మూడు పదార్థాల్లో రెండు చక్కెర మారుపేర్లు. రిలీజు రాత్రుళ్ళు జనం వాటిని బిస్కెట్లలా లాగిస్తుంటారు, పైగా "జంక్ మానేశాను మామా" అని.

ఇంకో మాట, ఎండ. ఈ బార్ ఫ్రిజ్ మీద బతుకుతుంది. పల్లీ పట్టీని మే నెలలో కర్నూలు బస్సులో పెట్టి పంపండి, చెక్కుచెదరదు. దానికి శత్రువు గాలిలో తేమ, డబ్బా మూత గట్టిగా ఉంటే చాలు. ఈ బార్‌ని పట్టుకునేది కొవ్వు. వెన్నా చాక్లెట్టూ రెండూ మన ఎండకి లొంగిపోతాయి. వేరే వాతావరణం కోసం రాసిన డిజైన్ అది, దాని తప్పు కాదు. ఆఫీసుకి తీసుకెళ్ళాలంటే డిసెంబరు, జనవరి మంచి నెలలు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా వెంటనే తెరవకండి, ముఖ్యంగా వైజాగ్‌లో, చెన్నైలో. గాలిలో తేమ ముక్కల మీద చెమటలా పడుతుంది. కాసేపాగి తెరవండి. నాలుగు రోజులకి చాక్లెట్ మీద తెల్లటి చారలు వస్తే అది బూజు కాదు, కొవ్వు పైకి తేలింది, పారెయ్యకండి. పది రోజుల్లోపు అవగొట్టేయడం మంచిది, అంతకాలం ఉంటే.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఆఫీసుకి పట్టుకెళ్తే డబ్బా మీద పెద్దక్షరాలతో "పల్లీలు ఉన్నాయి" అని రాయండి, పిల్లల డేకేర్‌కి మాత్రం పంపకండి, చాలాచోట్ల రానివ్వరు. పల్లీ పడనివాళ్ళకి చిన్న తునకైనా ప్రాణం మీదికి రావచ్చు. మనవైపు అలాంటివాళ్ళు తక్కువగా కనిపిస్తారు కాబట్టి మనకి ఆ ధ్యాస ఉండదు.

కొయ్యడానికి కత్తిని వేడినీళ్ళలో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో కోతకీ మళ్ళీ ముంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకి కొయ్యండి, తియ్యగానే కోస్తే పై పొర పగిలి విడిపోతుంది. మొదటి కోతలో అంచులు ఎప్పుడూ చదరంగా రావు, సన్నని ముక్కలు, తునకలు మిగులుతాయి. అవి చేసినవాళ్ళవి. రూమ్మేట్లకి అందులో వాటా లేదు.